పదోసారి గీయనన్న బొమ్మ

ఎవరింట్లోనైనా నాలుగు రోజులుండి వచ్చేటప్పుడు వాళ్ళ వంటింట్లో ఏ గరిటె ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టి రావడం మర్యాద. సూపర్ హీరోల కామిక్స్ రాసేవాళ్ళకీ అదే మర్యాద. హీరో వాళ్ళ సొత్తు కాదు, కంపెనీది. రాసేవాళ్ళు వస్తారు, కొన్నేళ్ళు రాస్తారు, పోతారు. పోయేముందు చంపినవాళ్ళని బతికించాలి, కూల్చిన వంతెనలు మళ్ళీ కట్టాలి, తొందరపడి పెళ్ళి చేసి ఉంటే ఆ పెళ్ళి జరగలేదని తేల్చాలి. ఇల్లు తుడిచి తాళంచెవి అప్పగించినట్టు తర్వాతివాళ్ళకి అప్పగించాలి. దీన్ని వాళ్ళలో వాళ్ళు 'బొమ్మలు పెట్టెలో పెట్టడం' అంటారు.

పోర్ట్‌లండ్‌లో విన్నీ హౌగెన్‌ని మించి బొమ్మలు సర్దగలవాళ్ళు లేరని పేరు. 'రాగిరెక్క' అనే మహావీరుడి కథని ఆమె పద్నాలుగేళ్ళు రాసింది. మధ్యమధ్యలో ఇతరులు పాడుచేసిన కథలు కూడా బాగుచెయ్యమని ఆమె దగ్గరికే పంపేవారు. ఒకసారి ఎవరో ఉత్సాహవంతుడు చంద్రుణ్ణి పేల్చేసి సెలవు మీద పోతే, విన్నీ చంద్రుణ్ణి తెచ్చి ఆకాశంలో యథాస్థానంలో పెట్టింది. అతుకు కూడా కనపడలేదు.

అటువంటి మనిషి కంపెనీ వదిలేయడానికి పెద్ద గొడవేమీ జరగలేదు. ఒక ఏడాది ఆమెని వేరే హీరో పనికి మార్చి, రాగిరెక్కని ఇంకొకరికి ఇచ్చారు. కొత్తవాళ్ళు రాసిన మొదటి సంచిక తెచ్చుకుని విన్నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. తన ఆనవాలు ఎక్కడైనా ఉందేమోనని రెండోసారి తిప్పింది. పద్నాలుగేళ్ళు కాపురం చేసిన ఇంట్లో గోడకి మేకు కొట్టిన గుర్తయినా లేదు. అంత బాగా సర్దింది మరి. ముందు కాస్త గర్వపడింది. తర్వాత లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మర్నాడు ఒడెల్ ప్రూయిట్‌కి ఫోన్ చేసింది.

ఒడెల్ బొమ్మలు గీస్తాడు. విన్నీకంటే రెండేళ్ళు పెద్ద, ఆమెకంటే నాలుగింతలు నిదానం. అతను కూడా ఒకప్పుడు రాగిరెక్కని గీసినవాడే. అతను గీసిన మొహం బాగాలేదని కంపెనీవాళ్ళు చెప్పాపెట్టకుండా ఇంకొకరి చేత తలలు మాత్రం గీయించి అతికించారు. "నేను గీసిన మెడ మీద ఎవడి తలో కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది తల్లీ. ఆ రోజే దణ్ణం పెట్టేశా," అనేవాడు.

ఇద్దరూ కలిసి సొంత పుస్తకం మొదలుపెట్టారు. అచ్చువేసే సంస్థ చిన్నది. అచ్చువేసినందుకు తన వంతు తను తీసుకుంటుంది, పుస్తకం మాత్రం విన్నీదీ ఒడెల్‌దీ. కథలో థోరా, బ్రిట్ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. కొలంబియా నది మీద నాన్న వదిలిపోయిన టగ్గు పడవతో కలప దుంగల బల్లకట్లు లాగుతూ బతుకుతుంటారు. ఎవరికీ ఏ శక్తులూ లేవు. థోరాకి మాత్రం ఒక్క చూపుతో ఎదుటివాళ్ళ నోరు మూయించే శక్తి ఉంది. అది విన్నీ వాళ్ళక్క సిగ్నేకి ఉండేది.

నాలుగు సంచికలు వచ్చాయి. చదివినవాళ్ళు తక్కువే అయినా మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ. ఐదో సంచికతో మొదటి భాగం అయిపోతుంది. విన్నీ స్క్రిప్టు పంపింది. ఒడెల్ ఒక్కొక్క పేజీ గీసి పంపుతూ వచ్చాడు. శుక్రవారం అచ్చుకి పోవాలి. మంగళవారం పొద్దున ఒడెల్ దగ్గర్నుంచి పేజీకి బదులు కబురు వచ్చింది: "ఒకసారి ఇలా రా. డోనట్లు తెప్పించాను."

ఒడెల్ ఉత్తపుణ్యానికి డోనట్లు తెప్పించే మనిషి కాదు.

అతని గది సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఉంటుంది. విన్నీ తడిసిన కోటు తలుపుకి తగిలించి చూసేసరికి, నేల మీద కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. పైవరసలో నాలుగు సంచికల మొదటి పేజీలు, కిందివరసలో ఆఖరి పేజీలు.

"ముందు తిను," అన్నాడు ఒడెల్.

"ఏమైంది? చెయ్యి నొప్పా?"

"చెయ్యి బాగానే ఉంది. బుద్ధి మొరాయిస్తోంది. ఇటు చూడు. ఏం కనిపిస్తోంది?"

"నీ బొమ్మలు. బాగున్నాయి. పొగడ్తల కోసం ఇంత వానలో పిలిపించావా?"

"బొమ్మలు కాదు, బొమ్మ. చుక్కాని గది. అక్క ఎడమపక్క, చెల్లి కుడిపక్క, చేతుల్లో కాఫీలు, అద్దం మీద వాన. ఇదే బొమ్మ ఎనిమిదిసార్లు గీశాను. ఐదో సంచిక మొదటి పేజీతో తొమ్మిది. రెండోసారి గీసినప్పుడు ఇదేదో నీ పద్ధతి అనుకున్నా. నాలుగోసారి గీసినప్పుడు కవిత్వం అనుకున్నా. నిన్న పదోసారి గీద్దామని కూర్చుంటే తెలిసింది, ఇది జబ్బు."

విన్నీ వంగి చూసింది. అవును, అదే బొమ్మ. తను రాసిందే. కానీ తొమ్మిదిసార్లు రాసినట్టు ఆమెకి నిజంగానే తెలియదు.

"మొదటి సంచికలో పడవ కొట్టం కాలిపోయింది," అన్నాడు ఒడెల్, వేలితో చూపిస్తూ. "రెండో సంచికలో నిక్షేపంలా నిలబడి ఉంది. ఎవరు కట్టారు?"

"ఊళ్ళోవాళ్ళు... తలో చెయ్యి వేసి ఉంటారు."

"ఏ పేజీలో?"

విన్నీ డోనట్ అందుకుంది.

"రెండో సంచికలో బ్రిట్‌కి ఒక ప్రియుడు. పెళ్ళి దాకా వచ్చి, ఆఖర్లో కెనడా పోయాడు. మూడో దాంట్లో ఇంజను చచ్చింది, బతికింది. నాలుగో దాంట్లో థోరా చెయ్యి విరిగింది. పది పేజీలు తిప్పేసరికి కట్టూ లేదు, మచ్చా లేదు. ఆవిడ పడవ నడిపే ఆడమనిషా, రాగిరెక్కా?"

"సరేలే. చెయ్యి సంగతి నేను చూసుకోవాల్సింది."

"చెయ్యిది ఏముంది! ఇప్పుడు ఐదోది. అక్కచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు, థోరా సంచీ భుజాన వేసుకుని బస్సెక్కింది. ఎంత బాగా రాశావో! గీస్తుంటే నాకే ఏడుపొచ్చి, కింద సైకిళ్ళవాడు వింటాడని నెమ్మదిగా ముక్కు చీదుకున్నా. మూడు పేజీలు తిప్పానో లేదో, మళ్ళీ చుక్కాని గదిలో కాఫీ! బస్సు దిగి ఎప్పుడొచ్చింది మహాతల్లి?"

"మనసు మారి వచ్చింది. మనుషులు మారరా?"

"మీ అక్క వచ్చిందా?"

విన్నీ వేళ్ళకి అంటిన చక్కెర రుమాలుతో తుడుచుకుంది.

"అది వేరు, ఇది కథ," అంది విన్నీ.

"సరే, కథే. పదో బొమ్మ నేను గీయను."

"ఒడెల్, రాసేది నేను, గీసేది నువ్వు. ఆ మాత్రం పద్ధతి..."

"కంపెనీలో అయితే అంతే. నేను గీయనంటే మధ్యాహ్నానికి ఇంకొకడు గీసి పారేస్తాడు, తలలతో సహా. ఇది సగం నాది. ఒకరు ఒప్పుకోనిది రెండోవాళ్ళు అచ్చు వెయ్యకూడదని ఒప్పందంలో రాయించింది ఎవరు? నువ్వే. సంతకం పెట్టి కళ్ళు తుడుచుకుంది ఎవరు? నువ్వే. ఇప్పుడు అనుభవించు."

"నీలాంటి మొండివాడితో చేతులు కలిపినందుకు నన్ను నేను తిట్టుకోవాలి."

"తిట్టుకో. దారికి ఇంకో డోనట్ పట్టుకెళ్ళు, తింటూ తిట్టుకోవచ్చు."

కోపంలో ఆమె డోనట్ తీసుకోలేదు. బస్‌స్టాపుకి వచ్చాక తీసుకుని ఉండాల్సింది అనుకుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. న్యూయార్క్ నుంచి ప్రెస్టన్, రాగిరెక్క పుస్తకానికి ఎడిటర్. వయసులో చిన్నవాడు, మాటలో మెత్తనివాడు.

"విన్నీ గారూ, మీరే దిక్కు. జెమ్మా అని కొత్తగా రాస్తున్న అమ్మాయి లేదూ? పట్నం మొత్తం నీళ్ళలో ముంచింది. రాగిరెక్క పెళ్ళాన్ని చంపింది. ఆఖరికి అతని రెక్కలు రెండూ కోయించింది. కోయించి, 'నా సొంత పుస్తకం రాసుకుంటాను, సెలవు' అని వెళ్ళిపోయింది! ఒక్క బొమ్మంటే ఒక్క బొమ్మ కూడా పెట్టెలో పెట్టలేదండీ!"

ఊరినుంచి వచ్చి తలుపు తీసేసరికి గిన్నెల తొట్టి నిండా ఎండిపోయిన ఎంగిలి పళ్ళేలు కనపడితే ఎలా ఉంటుందో విన్నీకి అలా ఉంది. చేతులు దురదపెట్టాయి.

"పెళ్ళాం శవం దొరికిందా?" అంది.

"లేదండీ. వరదలో కొట్టుకుపోయింది."

"దొరకలేదంటే బతికున్నట్టే కదయ్యా. రెక్కలు ఎక్కడ పడ్డాయి?"

"చూశారా! నిమిషంలో మొదలుపెట్టారు. అందుకే మీకు చేశాను. ఏడాది పని, మీ ఇష్టం వచ్చినట్టు సర్దండి. ఆ పడవ పుస్తకం మానెయ్యమని కాదు, కొంచెం వాయిదా వేసుకుంటే చాలు. ఈ వారంలో చెప్పండి, కాదనకండి."

వాయిదా అంటే ఏమిటో విన్నీకి తెలుసు. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద వాయిదా వేసిన కర్టెన్లు ఆరేళ్ళుగా ఉన్నాయి. అయినా వెంటనే కాదనలేదు. బస్సులో కూర్చుని ఇల్లు చేరేలోపు, తెలియకుండానే పట్నంలో నీళ్ళు సగం తోడేసింది. అక్కడ తనని పిలిచి బతిమాలుతున్నారు. ఇక్కడ సొంత పుస్తకంలో తను రాసిన పేజీ ఒకడు గీయనంటున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర భర్త హార్లన్‌కి రెండు సంగతులూ చెప్పింది. హార్లన్ పడవల మరమ్మతు చేసి రిటైరైన మనిషి. మాట్లాడేముందు సాల్మన్ చేపలో ముళ్ళు ఏరుకోవడం అతని అలవాటు.

"కంపెనీకే వెళ్ళు," అన్నాడు. "వాళ్ళకి కావలసింది నీకు బాగా వచ్చు. ఒడెల్‌కి కావలసింది నీకు రాదేమో."

"ఎత్తిపొడుస్తున్నావా?"

"లేదు, అడుగుతున్నా. సిగ్నే నిజంగానే తిరిగొచ్చిందనుకో. ఏం చేస్తావు?"

"కాఫీ ఇస్తాను."

"ఆ తర్వాత?"

విన్నీ ఉప్పు అందుకుంది. ఆ తర్వాత ఏమిటో ఆమెకి తెలియదు. ఆమె రాసిన సంచికలన్నీ ఆ కాఫీ దగ్గరే ఆగిపోయాయి.

సిగ్నే వెళ్ళిపోయిన ఏడాదికి వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళు. ఆయన టగ్గు పడవని అక్కచెల్లెళ్ళిద్దరే నడిపేవారు. అప్పటికీ ఆయన బూట్లు అందులో తలుపు పక్కనే ఉండేవి. విన్నీ కదపనిచ్చేది కాదు. "నువ్వు మనుషుల్ని బతకనివ్వవు, చావనివ్వవు. ఎక్కడివాళ్ళని అక్కడ నిలబెట్టి దుమ్ము దులుపుతుంటావు," అంది సిగ్నే. ఇంకా చాలా అంది. విన్నీ కూడా తక్కువ అనలేదు. సిగ్నే అలాస్కాలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళింది. అప్పటినుంచీ ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు, అందులో సంతకం మాత్రం.

"థోరా వెళ్ళిపోయినట్టు ఆఖరి పేజీలో అచ్చువేశాననుకో," అంది విన్నీ, "దాన్ని సిగ్నే చూసిందనుకో, ఇంక తలుపు మూసేసినట్టు కాదూ? నేనే ఒప్పుకున్నట్టు కాదూ, తను ఇంక రాదని?"

"ఇరవై ఆరేళ్ళ కిందట వెళ్ళింది విన్నీ," అన్నాడు హార్లన్. "అచ్చువాళ్ళు కొంచెం ఆలస్యం చేశారంతే."

మర్నాడు పొద్దున విన్నీ ఆఖరి పేజీ మళ్ళీ రాయడానికి కూర్చుంది. థోరా రాలేదు, సరే. థోరా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రాసి చూసుకుంటే, ఉత్తరం పేరు పెట్టుకుని థోరాయే వచ్చి కూర్చుంది. కొట్టేసింది. థోరా చోటులో పని అడుగుతూ ఒక ముసలాయన పడవెక్కాడు. అతనికి కూడా కాఫీ ఇవ్వబోతోంటే విన్నీ పెన్ను పట్టుకుని ఆపింది. తర్వాత ఒక పిల్లి వచ్చింది. పిల్లి చాలా బాగా కుదిరింది. అందుకే అనుమానం వచ్చింది. ఖాళీ అయిన చోట ఎవర్నో ఒకర్ని తెచ్చి కూర్చోబెట్టందే ఆమె చెయ్యి ఊరుకోవడం లేదు.

లేచి ఉతికిన బట్టలు మడతపెట్టింది. దుప్పటి ఒక్కతే మడవాలి. అవతలి కొసలు ఎప్పుడూ హార్లన్ పట్టుకుంటాడు, అతను బజారుకి వెళ్ళాడు. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో కొస మోకాళ్ళ మధ్య ఇరికించి తంటాలు పడుతుంటే, చాలా ఏళ్ళుగా తలుచుకోని ఒక పొద్దు గుర్తొచ్చింది.

సిగ్నే వెళ్ళిన మర్నాడు. దుంగల బల్లకట్టు ఎదురుచూస్తోంది, పని ఆపడానికి లేదు. విన్నీ ఒక్కతే పడవెక్కింది. ఇంజను వేసింది, పిడి ముందుకి తోసింది. పడవ వణికింది కానీ కదల్లేదు. చలికి ఇంజను బిగిసిందనుకుని ఇంకా తోసింది. ఏదో ఫెళ్ళుమంది, పడవ ఒక్క గెంతు గెంతి బయల్దేరింది. బాగానే నడిపాననుకుంది. ఆ రోజు దారిపొడుగునా ఒడ్డు మీదివాళ్ళు చేతులూపారు. అక్క వెళ్ళిపోయిన సంగతి అప్పుడే ఊరంతా తెలిసిపోయిందనీ, జాలిపడుతున్నారనీ అనుకుని, తనూ హుందాగా చెయ్యి ఊపుతూ పోయింది. వంతెన దాటాక ఒక జాలరివాడు నోటికి చేతులడ్డుపెట్టి అరిచేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. పడవని రేవుకి కట్టిన వెనక మోకు విప్పడం ఎప్పుడూ సిగ్నే పని. విన్నీకి అది ఒక పని అని కూడా తెలియదు. మోకు విప్పలేదు. రేవు చెక్క, దాని మీద మోకు చుట్టే ఇనుప కొమ్ముతో సహా ఊడి, మేకులు బయటికి పొడుచుకుని, నీళ్ళమీద ఎగిరిపడుతూ వెంట వస్తోంది.

అది కథకి పనికొస్తుందని ఆమెకి ఎన్నడూ తోచలేదు. రేవువాళ్ళ చేత తిట్లు తిన్న అవమానం, అంతే.

దుప్పటి కింద పడేసి, మడవకుండానే వచ్చి కూర్చుంది. పేజీ మొత్తానికి ఒకటే బొమ్మ. పైనుంచి చూస్తున్నట్టు నది. చిన్న పడవ. చుక్కాని గదిలో బ్రిట్ ఒక్కతే, ఒడ్డుకేసి చెయ్యి ఊపుతూ. వెనక మోకు, మోకు చివర రేవు ముక్క. మాటలేవీ లేవు. ఆమె ఇంకా వెనక్కి చూడలేదు.

పంపేముందు ఒకసారి ఆగింది. ఇది చదివితే సిగ్నేకి ఇట్టే తెలుస్తుంది, ఎవరి మోకో, ఎవరు విప్పలేదో. నవ్వచ్చు. 'ఇన్నేళ్ళ తర్వాత నన్ను వీధిలో పెడతావా' అని ఆ ఏడాదికొక్క కార్డు కూడా మానెయ్యచ్చు. రెంటిలో ఏది జరిగినా సర్దడం విన్నీ చేతిలో లేదు. పంపేసింది.

ఒడెల్ ఫోన్ చెయ్యలేదు. అతను బదులు రాసింది ఒక్క ముక్క: "రా."

ఈసారి డోనట్లు లేవు. గురువారం సాయంత్రానికల్లా బొమ్మ పూర్తవ్వాలి. ఒడెల్ అప్పటికే నది గీసేశాడు. బల్ల దగ్గర్నుంచి తల ఎత్తకుండా, "నిజంగా చెయ్యి ఊపావా?" అన్నాడు.

"ఒకసారి కాదు. రాణీగారిలా, దారిపొడుగునా."

ఒడెల్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏమో విన్నీ అటు చూడలేదు. "ఆరో సంచికలో రేవు ఎలా ఉండాలి?" అన్నాడు కాసేపటికి.

"విరిగే ఉండాలి."

"ఎవరు బాగుచేస్తారు?"

"బ్రిట్ చెయ్యాలి. ఆమెకి ఆ పని రాదు. ఎన్ని సంచికలు పడుతుందో నాకు తెలీదు."

"తెలీదా? నీకా?" ఒడెల్ ఇప్పుడు తల ఎత్తాడు. "ఈ మాట నీ నోట వినడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది నాకు."

మాటల్లోనే ప్రెస్టన్ ఫోన్ వచ్చింది. ఒడెల్ గదిలో ఉన్నాడని విన్నీ గొంతు తగ్గించలేదు.

"నేను రావడం లేదయ్యా. మొన్న నోరు జారి పెళ్ళాన్ని బతికించాను కదా, అది ఉంచుకో. ఎలాగూ మీదే."

"అయ్యో, విన్నీ గారూ! మరి పట్నం? రెక్కలు? ఎవరు సర్దుతారు?"

"ఈసారికి సర్దకుండా వదిలేసి చూడండి."

"వదిలేస్తే ఏమవుతుందండీ?"

"ఏమో బాబూ. నేనెప్పుడూ చూడలేదు," అంది విన్నీ. అబద్ధం కాదు.

ఫోన్ పెట్టేశాక చేతులు ఊరికే కోటు జేబులు వెతికాయి. పద్నాలుగేళ్ళ పనికి అది ఆఖరి ఫోన్ అయి ఉండచ్చు. శుక్రవారం దాటాక తను చెయ్యవలసింది ఒక విరిగిన రేవు, దాన్ని బాగుచెయ్యడం రాని ఒక మనిషి. కొంచెం భయం వేసింది. లేవలేదు.

"ఆ చెక్క ఎంత పొడుగుంటుంది?" అన్నాడు ఒడెల్ పెన్సిల్ చెక్కుకుంటూ.

విన్నీ రెండు చేతులూ బార్లా చాపింది. చాలలేదు. అక్కణ్ణుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, తలుపు దాకా చూపించింది.

"అంత పెద్దది లాక్కుంటూ పోయావా!"

"మేకులు కూడా గీయి," అంది విన్నీ. "వంకరవి."